చిన్న తరగతులలో విరామచిహ్నముల బోధన

ప్రస్తావన

అక్షరములు నేర్చిన బాలుడు అంతమాత్రమున చదువ నేర్చినవాడు కాడు. గుణింతములును ఒత్తులును తప్పులేకుండ వ్రాయు బాలిక, తన మనసులోని మాటను కాగితముమీద స్పష్టముగా పెట్టగలదని చెప్పజాలము. అక్షరమునకును అర్థమునకును నడుమ మరియొక మెట్టు కలదు. ఎచ్చట ఆగవలెను, ఎంతసేపు ఆగవలెను, ఏ మాటను ఏ మాటతో చేర్చి చదువవలెను అను తెలివియే ఆ మెట్టు. ఆ తెలివిని కాగితముమీద చూపు గుర్తులకు విరామచిహ్నములని పేరు. ఇవి చూచుటకు చీమ తలలంత గుర్తులు. కావుననే పలువురు వీనిని చీమలవలెనే దులిపివేయుదురు.

ఇది పండితులకు మాత్రము సంబంధించిన సంగతి కాదు. మన పాలమూరు సీమనుండి కూలి పనికై దూరప్రాంతములకు పోవు కుటుంబములు అనేకములు. ఇంటిల్లిపాదిలో చదువ నేర్చినది బడికి పోవు బిడ్డ ఒక్కతెయే అయిన ఇండ్లు నేటికిని కలవు. ఆ ఇంటికి వచ్చిన ఆసుపత్రి చీటిని, భూమి కాగితమును, బ్యాంకు నోటీసును ఆ బిడ్డయే చదివి పెద్దలకు వినిపింపవలెను. ఒక మందుచీటిమీద ఈ విధముగా వ్రాసియున్నదనుకొందము:

ఈ మాత్రలు పూటకు ఒకటి రెండు దినములు మ్రింగవలెను.

'పూటకు ఒకటి' అని ఆగి, పిమ్మట 'రెండు దినములు' అని చదివినచో ఔషధము సరియైన కొలతలో లోపలికి పోవును. 'పూటకు ఒకటి రెండు' అని కలిపి చదివినచో, ఒకటియైనను రెండైనను మ్రింగవచ్చునని అవ్వ తలంచును. 'ఒకటి' తరువాత ఒక్క కామా ఉన్నయెడల ఈ సందేహమునకు చోటే లేదు. ఆ కామా వ్రాయుట చీటి వ్రాసినవారి ధర్మము. ఉన్న కామాను చూచి ఆగుటయు, లేనిచోట అనుమానించి అడుగుటయు చదివెడి బిడ్డ నేర్వవలసిన విద్య. కాబట్టియే ఈ చిన్న విషయమును గూర్చి ఇన్ని మాటలు వ్రాయ బూనితిమి.

ఈ గుర్తులు మనకెట్లు వచ్చినవి?

మన పూర్వులు ఈ గుర్తులు లేకయే అనేక శతాబ్దములు వ్రాసిరి. శాసనములలోను తాటాకు పుస్తకములలోను అక్షరములు ఎడము లేక వరుసగా సాగిపోవును. పద్యము ముగిసినచోట ఒకటి రెండు నిలువుగీతలుండుట తప్ప వేరు గుర్తులు అరుదు. ఆ కాలమున చదువనగా గురుముఖమున వినుట. ఎచ్చట ఆగవలెనో గురువు గొంతే చెప్పెడిది. పలుకు ఆగిన చోటునకు పాణిని మహర్షి 'అవసానము' అని పేరు పెట్టెను. అది చెవికి సంబంధించిన శాస్త్రమేగాని కంటికి చూపు గుర్తు కాదు. పరవస్తు చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. సంజ్ఞతో మొదలిడి ప్రకీర్ణకముతో ముగియు పది పరిచ్ఛేదములు గల ఆ గ్రంథములో సయితము విరామచిహ్నములకు ప్రత్యేకముగా ఒక పరిచ్ఛేదము లేదు.

మన కొల్లాపురమునకు ఈ విషయమున ఒక చక్కని సంబంధము కలదు. కొల్లాపురము తరువాతి కాలమున ఏ జటప్రోలు సంస్థానమునకు రాజధాని ఆయెనో, ఆ సంస్థానపు సురభి ప్రభువుల ఆదరము పొందిన ఎలకూచి బాలసరస్వతి 'రాఘవ యాదవ పాండవీయము' అను కావ్యమును రచించెను. అందు రాముని కథయు, కృష్ణుని కథయు, పాండవుల కథయు ఒకే పద్యములలో నడచును. ఇట్టి శ్లేషకావ్యములలో అక్షరముల వరుస మారదు. మాటలను విరుచు చోటు మారిన కొలది అర్థము మారును. పండితునికి అది గొప్ప విద్య. కాని ఉత్తరము వ్రాయు బాలునికి అట్టి శ్లేష పనికిరాదు. వాని వాక్యమునకు ఒకే అర్థము ఉండవలెను. ఆ ఒక్క అర్థమునకు కాపుదలయే విరామచిహ్నము.

పాశ్చాత్య దేశములలోను మొదట ఇదే స్థితి. ప్రాచీన గ్రీకు వ్రాతలు కూడ ఎడము లేక సాగినవే. క్రీస్తుపూర్వము 200 ప్రాంతమున అలెగ్జాండ్రియా గ్రంథాలయాధికారియైన అరిస్టోఫనీసు అను పండితుడు, పంక్తికి పైన, నడుమ, క్రింద చుక్కలు పెట్టి మూడు విధములైన విరామములను చూపు పద్ధతి కల్పించెను. 15వ శతాబ్ది చివర వెనిసు నగరపు ముద్రాపకుడు ఆల్డస్ మనూషియసు అర్ధవిరామమును అచ్చులోనికి తెచ్చెను. మనకీ గుర్తులు అచ్చు పుస్తకముల వెంట వచ్చినవి. బెంజమిన్ షుల్జుగారి తెలుగు క్రైస్తవ పుస్తకములు జర్మనీ దేశమందలి హాలె నగరమున 1746 ప్రాంతమున అచ్చుపడినవి. తెలుగు క్రొత్త నిబంధన 1818లో శ్రీరాంపురమున అచ్చుపడినది. అటుపిమ్మట పాఠపుస్తకములును పత్రికలును పెరిగిన కొలది ఈ గుర్తులును తెలుగువారికి అలవడినవి.

గుర్తు లేనందున కలుగు సందేహమునకు పరిశుద్ధ గ్రంథమునందే ఒక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. లూకా సువార్త 23వ అధ్యాయము 43వ వచనములో 'నేడు' అను మాట ఉన్నది. ప్రాచీన గ్రీకు ప్రతులలో దాని ముందుగాని వెనుకగాని కామా లేదు. అది ప్రభువు చెప్పుచున్న దినమును తెలుపునా, లేక దొంగ పరదైసులో ఉండబోవు దినమును తెలుపునా అని వ్యాఖ్యాతలు వాదించిరి. తెలుగు బైబిలును, తక్కిన అనువాదములలో అధికభాగమును దానిని పరదైసుతోనే చేర్చినవి. ఒక కామా స్థానముమీద ఎంతటి విచారణ జరుగునో పై తరగతుల విద్యార్థులు దీనిచే గ్రహింపవచ్చును.

తెలుగు వాక్యపు నడక

ఆంగ్ల వ్యాకరణములోని విరామసూత్రములను ఉన్నవియున్నట్లు తెలుగు బాలురకు వల్లెవేయించుట వ్యర్థము. తెలుగు వాక్యమునకు తనదైన నడక కలదు. కొన్ని పనులను మన భాషలో ప్రత్యయములే చేయును. అచ్చట గుర్తు సాయము మాత్రమే. మరికొన్ని చోట్ల ప్రత్యయము లేదు. అచ్చట గుర్తే దిక్కు. ఉపాధ్యాయుడు ఈ రెంటి తారతమ్యమును మొదట తాను గ్రహింపవలెను.

మొదటిది, వాక్యాంతము. తెలుగులో సమాపకక్రియ సాధారణముగా వాక్యపు తుదిని ఉండును. 'పోయి, చూచి, తెచ్చి' అని ఎన్ని అసమాపకక్రియలు వచ్చినను వాక్యము సాగుచునే యుండును; 'ఇచ్చెను' అనగానే ముగియును. ఇట్టి వాక్యములలో బిందువు ఎచ్చట పెట్టవలెనో క్రియయే చెప్పును. కాని మన భాషలో క్రియ లేని వాక్యములు మిక్కుటము. 'ఇది మా బడి' అనునది పూర్ణవాక్యము. అట్టిచోట ముగింపును చూపునది బిందువు ఒక్కటే. ఈ వాక్యమును చూడుడు:

ఇది మా బడి తోట ప్రక్కన బావి కలదు.

'బడి' తరువాత బిందువు పెట్టినచో, ఇది మా బడి. తోట ప్రక్కన బావి ఉన్నది. 'తోట' తరువాత పెట్టినచో, ఇది మా బడితోట; దాని ప్రక్కన బావి ఉన్నది. చుక్క ఒక మాట దూరము జరిగినంతమాత్రమున బడి పోయి తోట వచ్చినది. 'బడి' అనుటకు మారుగా 'ఇల్లు' అని యున్నయెడల ఈ చిక్కు రాదు. ఏలయనగా 'ఇల్లు' అను మాట మరియొక మాటతో చేరునపుడు 'ఇంటి' అని మారును. మారని మాటలే జాగ్రత్త కోరును.

రెండవది, సంబంధము. తెలుగులో 'యొక్క' అనునది తరచుగా లోపించును. అందువలన 'అక్క పుస్తకము తెచ్చినది' అను వాక్యమునకు రెండర్థములు. 'అక్క, పుస్తకము తెచ్చినది' అనగా తెచ్చినది అక్క. కామా లేక కలిపి చదివినచో, మరెవరో అక్కయొక్క పుస్తకమును తెచ్చిరి. మాటలాడునపుడు గొంతు ఈ భేదమును తెలుపును. వ్రాతకు గొంతు లేదు గనుక కామా కావలెను.

మూడవది, విశేషణము చేరు చోటు. 'సీత నవ్వుచు వచ్చిన చెల్లెలిని పిలిచెను' అనునపుడు నవ్వినది ఎవరు? 'సీత నవ్వుచు, వచ్చిన చెల్లెలిని పిలిచెను' అన్నచో నవ్వు సీతది. 'సీత, నవ్వుచు వచ్చిన చెల్లెలిని పిలిచెను' అన్నచో నవ్వు చెల్లెలిది.

నాలుగవది, పరుల మాటను చెప్పుట. దీనికి మనకు 'అని' అను దివ్యమైన సాధనము కలదు. చెప్పబడిన మాట ఎచ్చట ముగిసినదో 'అని' చూపును. కాని ఎచ్చట మొదలైనదో అది చూపజాలదు. 'నాయన తమ్ముడు బడికి రాలేదని చెప్పెను' అను వాక్యమును తీసికొనుడు. 'నాయన, "తమ్ముడు బడికి రాలేదు" అని చెప్పెను' అన్నచో చెప్పినవాడు తండ్రి, రానివాడు మన తమ్ముడు. '"నాయన తమ్ముడు బడికి రాలేదు" అని చెప్పెను' అన్నచో రానివాడు చిన్నాయన, చెప్పినవాడు మరెవరో. పాత తెలుగు బైబిలు ముద్రణములలో మాట మొదలగుచోట ఒక అడ్డగీతయుంచి, తుదిని 'అనెను' అని ముగించుట చదువరులు చూచియే యుందురు. ముగింపునకు ప్రత్యయము, మొదలునకు గీత! తెలుగు స్వభావమెరిగిన వారు చేసిన ఏర్పాటది.

అయిదవది, ప్రశ్న. 'వచ్చినాడా', 'ఎవరు', 'ఎందుకు' అను మాటలే ప్రశ్నను తెలుపును. గుర్తు దానికి తోడు. కావున బాలురు 'ఎ'కారముతో మొదలైన ప్రతి మాటకును ప్రశ్నార్థకము తగిలింతురు. 'ఎందుకనగా' అనునది ప్రశ్న కాదు. 'అతడు ఎప్పుడు వచ్చునో తెలియదు' అనునదియు ప్రశ్న కాదు. అట్లే మాట చివర దీర్ఘమున్నంత మాత్రమున ప్రశ్న కానేరదు: 'వాన వచ్చినా బడికి పోయినాము' అనునపుడు అడుగుట లేదు, చెప్పుటయే.

ఆరవది, వరుస. 'రాముడును సీతయు లక్ష్మణుడును' అని సముచ్చయ ప్రత్యయములతో చెప్పినపుడు కామాలు అక్కరలేదు. ప్రత్యయమే ఆ పని చేయుచున్నది. ప్రత్యయములు విడిచి 'రాముడు, సీత, లక్ష్మణుడు' అన్నపుడు కామా తప్పదు. ప్రత్యయమును కామాయు రెండును కుప్పగా పోయుట వ్రాతకు బరువు.

తరగతి తరగతికి క్రమము

అన్ని గుర్తులను ఒక్కమారు నల్లబల్లమీద వ్రాసి, పేర్లు కంఠస్థము చేయించుట తరచుగా చూడబడు పద్ధతి. దానివలన బాలుడు పేర్లు నేర్చును గాని పని నేర్వడు. ఒకటవ తరగతి మొదలు అయిదవ తరగతి వరకు మేము ఈ క్రింది క్రమమును సూచించుచున్నాము.

ఒకటవ తరగతిలో కాగితముమీద ఏ గుర్తును అడుగరాదు. చెవికి మాత్రము శిక్షణ ఇయ్యవలెను. ఉపాధ్యాయుడు కథ చదువుచుండగా పిల్లలు ఆవరణములో నడువవలెను. వాక్యము ముగిసినపుడు నిలువవలెను. నడుమ చిన్న విరామము వచ్చినపుడు అడుగు నెమ్మదింపవలెను. పది దినములు ఈ యాట ఆడిన బిడ్డలకు వాక్యమనగా నేమో నిర్వచనము లేకయే తెలియును.

రెండవ తరగతిలో బిందువును ప్రశ్నార్థకమును నేర్పవలెను. ఒక బాలికను లేపి, తన యింటి మామిడిచెట్టును గూర్చి మూడు మాటలు చెప్పుమనవలెను. కొల్లాపురపు పిల్లలకు మామిడిని గూర్చి చెప్పుటకు మాటలు కరవుండవు! చెప్పినదానిని ఉపాధ్యాయుడు గుర్తులు లేక బల్లమీద వ్రాసి, వేరొక బాలునిచేత చదివింపవలెను. వాడు తడబడినచోట, 'నీవు ఎచ్చట ఆగితివి?' అని మొదటి బాలికనే అడుగవలెను. తన మాటకు తానే చుక్క పెట్టిన పిల్ల దానిని మరువదు. పిమ్మట 'బస్సు వచ్చినది', 'బస్సు వచ్చినదా?' అను జంటలను చదివించి గొంతులోని భేదమును వినిపింపవలెను.

మూడవ తరగతిలో కామా. మొదట వస్తువుల వరుస, పిదప అసమాపకక్రియల వరుస, తుదకు 'అక్క పుస్తకము' వంటి సంబంధవాక్యములు. ఈ మూడవ రకమును పొడుపుకథవలె ఇచ్చినచో పిల్లలు ఉత్సాహముతో నేర్తురు. 'ఈ వాక్యమునకు రెండర్థములు కలవు. రెండు బొమ్మలు గీయుము' అని చెప్పవలెను. బొమ్మ గీయగలిగిన బాలుడు భేదమును గ్రహించినట్లే.

నాలుగవ తరగతిలో ఉద్ధరణ చిహ్నములు, సంబోధనము తరువాతి కామా, ఆశ్చర్యార్థకము. ఇచ్చట నాటకమే ఉత్తమ సాధనము. ఒకడు పడవవాడు, ఒకడు బేరగాడు, ఒకతె కథ చెప్పునది. సోమశిల రేవులో పడవ కూలికై బేరమాడుదురు. నోటినుండి వచ్చిన మాటలకు మాత్రమే ఉద్ధరణ చిహ్నములు; కథ చెప్పు బాలిక మాటలకు లేవు. ఆ గుర్తుల లోపల పిల్లలు తమ యింటి మాటనే ఉన్నదున్నట్లు వ్రాయవచ్చును; గుర్తు వెలుపల పుస్తకభాష ఉండవలెను. ఈ యేర్పాటువలన ఇంటి మాటకు అవమానము లేదు, పుస్తకభాషకు లోపమును లేదు.

అయిదవ తరగతిలో అర్ధవిరామము, న్యూనవిరామము, కుండలీకరణములు పరిచయము చేసి, ఉత్తరమును దరఖాస్తును వ్రాయింపవలెను. చిన్నవారు అర్ధవిరామమును వాడకున్నను దోషము లేదు. చదువునపుడు గుర్తించిన చాలును.

ఇచ్చట ఒక హెచ్చరిక. చెవితో ఆరంభించుట మంచిదే గాని చెవితోనే ముగించుట మంచిది కాదు. ఊపిరి అయిపోయిన చోటెల్ల కామా పెట్టు బాలురు కలరు. ఊపిరి మనిషి మనిషికి వేరు. అర్థము అందరికి ఒక్కటే. కాబట్టి నాలుగవ తరగతి మొదలు, 'ఇచ్చట ఏల ఆగితివి?' అని అడిగి, 'ఊపిరి చాలలేదు' అను జవాబునకు మారుగా 'ఇంతవరకు ఒక మాట, ఇది వేరొక మాట' అను జవాబు వచ్చువరకు నేర్పవలెను.

పద్యముల విషయమున ఇంకొక జాగ్రత్త. సంస్కృత ఛందస్సున యతి అనగా విరామము. తెలుగున యతి అనగా అక్షరమైత్రి. తెలుగు పద్యపాదము చివర మాట ముగియవలెనన్న నియమము లేదు. ఒక మాటయే రెండు పాదములకు పంచబడవచ్చును. పాదాంతమున తప్పక ఆగు బాలుడు మాటను రెండు ముక్కలు చేయును. అట్లే బైబిలు వచనసంఖ్య విరామచిహ్నము కాదు. క్రొత్త నిబంధనకు ఇప్పటి వచనవిభాగము 1551లో రోబర్టు ఎస్తియెన్ అను ముద్రాపకుడు ఏర్పరచినది. ఒకే వాక్యము రెండు మూడు వచనములకు సాగుట కలదు. ప్రార్థనకూటమున చదువు పిల్లలు సంఖ్యను చూచి ఆగక, గుర్తును చూచి ఆగవలెను.

దిద్దుబాటు

వ్రాతపుస్తకమంతయు ఎఱ్ఱ సిరాతో నింపుట బోధన కాదు. బాలుడు వ్రాసినదానిని వ్రాసినట్లే, గుర్తు లేనిచోట ఆగక, తప్పు గుర్తున్నచోట ఆగి, గట్టిగా చదివి వినిపింపవలెను. తన మాట తనకే వింతగా వినబడినపుడు వాడే నవ్వి దిద్దుకొనును. వారమునకు ఒక గుర్తును మాత్రము దిద్దవలెను. బిందువుల వారమున కామాలను చూచియు చూడనట్లుండవలెను.

ఉక్తలేఖనము చెప్పునపుడు 'కామా', 'ఫుల్‌స్టాపు' అని ఉపాధ్యాయుడే పలుకుట పెక్కుచోట్ల వాడుక. అది మొదటి మాసమునకు చాలును. అటుపిమ్మట స్పష్టముగా చదివి, గుర్తులను బాలురే కనుగొనునట్లు చేయవలెను. ఒక భాష గుర్తు మరియొక భాషలోనికి జారుటయు గమనింపదగినది. 1948కి పూర్వము నిజాము రాజ్యమున ఉర్దూ చదివిన బాలురు కుడినుండి ఎడమకు వ్రాయుచు, తలక్రిందులైన కామాను, అద్దములో చూచినట్లుండు ప్రశ్నార్థకమును, వాక్యాంతమున చిన్న అడ్డగీతను నేర్చెడివారు. నేటి బాలురు హిందీ వాక్యము చివర నిలువుగీతను చూతురు. గీతను తెలుగులోనికిని, చుక్కను హిందీలోనికిని తెచ్చు పిల్లలను గద్దింపక, మూడు భాషల గుర్తులను ప్రక్కప్రక్కన ఒక పట్టికగా వ్రాయించినచో కలత తీరును.

ఆశ్చర్యార్థకములు మూడేసి నాలుగేసి పెట్టుట, ఒక్క బిందువైన లేక పుటంతయు వ్రాయుట అను రెండు దోషములు సెల్‌ఫోను సందేశములవలన నేడు హెచ్చుచున్నవి. ఆ సందేశములను నిషేధింపలేము. కాని అట్టి యొక సందేశమునే బల్లమీద వ్రాసి, 'దీనిని మీ తాతకు అర్థమగునట్లు వ్రాయుడు' అని పని ఇయ్యవచ్చును.

తల్లిదండ్రులకు

చదువు రాని తల్లి సయితము ఈ విద్యలో బిడ్డకు గురువు కాగలదు. బిడ్డ పాఠము చదువునపుడు ప్రక్కన కూర్చుండి వినుడు. అర్థము తెలియనిచోట, 'మరల చదువు, ఎవరు వచ్చిరి? ఎవరు చెప్పిరి?' అని అడుగుడు. మీరు అడిగిన ఆ ప్రశ్నయే బిడ్డను వెనుకకు చూపించి, విడిచిన కామాను కనుగొనజేయును. ఇంటికి వచ్చిన చీటిని బిడ్డచేత ఒక్కమారు గాక రెండుమార్లు చదివించుడు. సందేహము తీరని మందుచీటిని, కాగితమును ఊహతో అర్థము చేసికొనక, తెలిసినవారిని అడిగి రమ్మనుడు.

అభ్యాసము

విద్యార్థులారా, ఈ క్రింది వాక్యములకు తగిన గుర్తులు పెట్టుడు. మొదటి నాలుగింటికి రెండేసి అర్థములు కలవు.

1. అవ్వ మనుమరాలిని పిలిచెను
2. తాత ఏడ్చుచు పరుగెత్తుచున్న పిల్లవానిని పట్టుకొనెను
3. పడవవాడు గాలి తగ్గిన తరువాత వత్తునని చెప్పెను
4. ఇది మా ఊరి చెరువు గట్టు మీద చింతచెట్లు కలవు
5. సోమశిలకు బస్సు ఎప్పుడు వచ్చునో ఎవరికిని తెలియదు

మొదటిదానిలో పిలిచినది అవ్వయా, పిలువబడినది అవ్వ మనుమరాలా అనునది 'అవ్వ' తరువాతి కామా నిర్ణయించును. రెండవదానిలో ఏడ్చినవాడెవడో మీరే తేల్చుడు. మూడవదానిలో, గాలి తగ్గిన పిమ్మట వచ్చెదనని పడవవాడు ముందే చెప్పెనా, లేక గాలి తగ్గిన పిమ్మటనే నోరు తెరచి 'వత్తును' అనెనా? రేవులో వేచియున్నవారికి ఈ భేదము చిన్నది కాదు. నాలుగవదానిలో చూపబడినది చెరువో గట్టో బిందువు చెప్పును. అయిదవదానికి ప్రశ్నార్థకము పెట్టినవారు పై భాగమును మరల ఒక్కమారు చదువుడు.

ముగింపు

విరామచిహ్నము అలంకారము కాదు. చదువరిపట్ల వ్రాయువాడు చూపు మర్యాద. ఎదుట కూర్చున్నవారితో మాటలాడునపుడు మన కన్నులు, చేతులు, గొంతు మన యర్థమును కాపాడును. కాగితము దూరప్రయాణము చేయును. దానివెంట మనము పోలేము. మనకు మారుగా అచ్చట నిలిచి 'ఇచ్చట ఆగుము, ఇది ప్రశ్న, ఇది ఫలానివారి మాట' అని చెప్పుటకు ఈ చిన్న గుర్తులనే పంపుచున్నాము. అయిదవ తరగతి ముగియునాటికి ప్రతి బాలుడును, ప్రతి బాలికయు తన యింటికి వచ్చిన ఏ చీటినైనను సరిగా చదివి వినిపింపగలిగి, దూరమున నున్న తండ్రికి సందేహము లేని ఉత్తరము ఒకటి వ్రాయగలిగినచో, చిన్న తరగతుల యుపాధ్యాయుల శ్రమ సఫలమైనదని మేము తలంచెదము.